సీసాకు మూత పడేదాకా

మా ఆవిడ ఇరవై ఏళ్ళకు పైగా ఇరుగుపొరుగుకు నేను ల్యాబులో పనిచేస్తానని చెప్పుకుంటూ వచ్చింది. అది పూర్తిగా అబద్ధం కాదు. యాంగోన్‌లో ఒక ప్రభుత్వాసుపత్రి ల్యాబులో రక్తం, మూత్రం పరీక్షలు చేస్తూ పదకొండేళ్ళు గడిపాకే ఈ పనిలోకి వచ్చాను. కాని ఈ పని జరిగేది ల్యాబులో కాదు, మరుగుదొడ్లలో. ఆటగాడు మూత్రం పోస్తుంటే దగ్గర నిలబడి చూడాలి. ఆ మూత్రం అతనిదేనని, అందులో మరేదీ కలవలేదని సంతకం పెట్టాలి. ఆటల్లో మందుల వాడకాన్ని పట్టుకునే పరీక్షకు శాంపిల్ సేకరించడమే నా ఉద్యోగం.

నేను రిటైరయ్యాక ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరు ఇంటికి వచ్చి, తెలుసుకోవలసినవి ఏమన్నా ఉంటే రాసివ్వమన్నారు. నియమాల పుస్తకం వాళ్ళ దగ్గర ఉంది. అందులో లేనివి ఇక్కడ రాస్తున్నాను. మనసులో మాట రాయడం నాకు తెలుగులోనే వచ్చు. బర్మీయంలోకి మా అమ్మాయి మారుస్తానంది.

చేసే పని

ఆటగాడికి కబురు చెప్పిన క్షణం నుంచి అతను మన కళ్ళముందు నుంచి కదలకూడదు. పరీక్ష పెట్టెలు మూడు ముందు పెడితే ఒకటి తనే ఎంచుకుంటాడు. మరుగుదొడ్లో చొక్కా రొమ్ముదాకా ఎత్తాలి, ప్యాంటు మోకాళ్ళదాకా దించాలి, చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడవాలి. కప్పులో తొంభై మిల్లీలీటర్లు కావాలి. దాన్ని రెండు సీసాల్లోకి తన చేత్తోనే పోసి, మూతలు తన చేత్తోనే తిప్పుతాడు. టకటకమంటూ బిగుసుకునే మూతలవి. ఒకసారి బిగిస్తే పగలగొట్టాల్సిందే. సీసా మీద పేరుండదు, అంకెలే. అవి మింగళాడోన్‌లో విమానమెక్కి వేరే దేశపు ల్యాబుకు పోతాయి. ఫలితం వారాల తర్వాత వస్తుంది, అదీ మనకు కాదు. చాలాసార్లు నేను పేపర్లో చదివి తెలుసుకున్నవాణ్ణే.

చెప్పుకోవడానికి తేలికగానే ఉంటుంది. కాని పక్కన మనిషి నిలబడి చూస్తుంటే ఎంత బలశాలికైనా ధార రాదు. ఒక కుస్తీ ఆటగాడు నా ముందు నాలుగు గంటలు కూర్చుని, చివరికి కుళాయి విప్పమని బతిమాలాడు. విప్పాను. విప్పకూడదని పుస్తకంలో ఎక్కడా లేదు. ఈ ఉద్యోగంలో మొదట నేర్చుకోవలసింది ఓపిక. రెండోది, అవతలివాడి సిగ్గును చులకన చెయ్యకపోవడం. నవ్వు వచ్చినా నవ్వకండి. ఆ గదిలో అతను దేశానికి పతకం తెచ్చినవాడు కాదు, బట్టలు దించుకుని నిలబడ్డ మనిషి.

తల తిప్పిన రోజు

నాకు పని నేర్పింది డా తిన్. డా అంటే ఇక్కడ పెద్దావిడను పిలిచే గౌరవం. డాక్టరు కాదు, ఆమె రిటైరైన నర్సు. నా పేరు సింహాచలం. అది ఆమెకు నోరు తిరగక "కో సిన్" అనేసింది. బర్మీయంలో కో అంటే అన్న, సిన్ అంటే ఏనుగు. అప్పట్లో నేను ఎముకల గూడు. ఆఫీసంతా నవ్వింది. ఆ పేరే నాకు స్థిరపడిపోయింది. జుట్టు నెరిశాక, పెద్దవాళ్ళను పిలిచే ఊ చేరి, ఊ సిన్ అయ్యాను.

చేరిన మొదటి ఏడాదే పెద్ద తప్పు చేశాను. బరువులెత్తే పోటీలో గెలిచినతను నాకంటే రెండుమూడేళ్ళు పెద్దవాడు, పేరున్నవాడు. కుర్రతనంలో అతని ఫోటో పేపర్లోంచి కత్తిరించి గోడకు అంటించుకున్నాను. అలాంటివాడి ఎదుట నిలబడి చూడాలంటే నాకు తల కొట్టేసినట్టయింది. కొన్ని క్షణాలు మొహం గోడవైపు తిప్పుకున్నాను. మళ్ళీ చూసేసరికి కప్పు నిండి ఉంది.

సాయంత్రం ఆ సంగతి డా తిన్‌కు చెప్పాను. ఆమె కోప్పడలేదు. "ఈ శాంపిల్ పనికిరాదు" అని పెట్టె పక్కన పెట్టేసింది. మళ్ళీ తీసుకుందామంటే అతను అప్పటికే సొంతూరు వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది వేరేచోట జరిగిన పరీక్షలో అతను దొరికాడు. కాని నేను తల తిప్పిన పోటీలో రెండోస్థానంలో నిలిచినవాడు ఈలోగా ఆట మానేశాడు. మింగళాడోన్ వెళ్ళే బస్సు నడుపుతున్నాడని తెలిసింది. ఒకరోజు డా తిన్ నన్ను ఆ బస్సు ఎక్కించి తీసుకెళ్ళింది. అతనితో ఏమీ మాట్లాడలేదు. దిగాక మాత్రం అంది.

"చూశావుగా కో సిన్. నీ సిగ్గుకు బలైంది ఇతను."

ఆ తర్వాత నేను ఎవరి ముందూ తల తిప్పలేదు. అంత సూటిగా చెప్పే అధికారి దొరకడం అదృష్టం. దొరికితే ఆమెను, లేదా ఆయన్ను, వదులుకోకండి.

డానియేలు

ఇక బేస్‌బాల్ సంగతి. మన ఊళ్ళో ఈ ఆట ఆడేవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. చూసేవాళ్ళు అంతకంటే తక్కువ. మా పెద్దలు దాన్ని క్రికెట్టుకు దూరపు చుట్టం అనేవారు. ఒకడు బంతి విసురుతాడు, ఒకడు గుండ్రటి కర్రతో కొడతాడు, కొట్టేవాడి వెనక ఒకడు పెద్ద తోలు గ్లవ్ తొడుక్కుని కూర్చుని పట్టుకుంటాడు. విసిరేవాడి భుజమే జట్టుకు ప్రాణం.

ఆ ఆట పుట్టిన అమెరికాలో స్టెరాయిడ్లు ఏంచేశాయో శిక్షణలో మాకు చెప్పారు. ఒక తరం ఆటగాళ్ళు కండలు పెంచి, బంతుల్ని గోడలు దాటించారట. జనం విరగబడి చూశారట. జట్ల యజమానులకు, రాసేవాళ్ళకు, పక్కనే బట్టలు మార్చుకునే తోటి ఆటగాళ్ళకు అనుమానం ఉన్నా ఎవరూ నోరు విప్పలేదట. బయటపడ్డాక పాత రికార్డులన్నిటి పక్కనా ఒక అనుమానం వచ్చి కూర్చుంది. మందు తీసుకోనివాడి రికార్డు పక్కన కూడా. అప్పుడు అది నాకు ఎక్కడో జరిగిన కథలాగే అనిపించింది. పజుండౌంగ్‌లో, మా పేటలోనే, మా వీధికి రెండు వీధుల అవతల, అదే కథ చూస్తానని అనుకోలేదు.

డానియేలు రూతమ్మ కొడుకు. వాళ్ళు తెలుగు బాప్టిస్టులు, మేము హిందువులం. కాని రూతమ్మ నాన్న, మా నాన్న ఒకే రోజుల్లో బోటాటౌంగ్ రేవులో మూటలు మోశారు. చుట్టరికం లేకపోయినా వరసలు కలుపుకున్నాం. కుర్రాళ్ళందరిలాగే డానియేలు తెలుగు అర్థం చేసుకుంటాడు గాని, నన్ను బర్మీయంలో "ఊలే" అనే పిలిచేవాడు. మామయ్య అని అర్థం. పొడుగాటి చేతులు, బంతి విసిరితే ఈల వేసినట్టు పోయేది. అతనికి సాటి వచ్చే విసురుగాడు ఒక్కడే, మిన్ తు అనే బర్మీయ కుర్రాడు. వేరే దేశపు ప్రొఫెషనల్ జట్టు ఒకటి ఆటగాళ్ళను ఎంచుకోవడానికి ఇక్కడికి వచ్చినప్పుడు ఒక్కరికే చోటుంది. ఇద్దరూ రోజంతా విసిరారు. సాయంత్రానికి డానియేలును తీసుకున్నారు. మన తెలుగువాడు ప్రొఫెషనల్ ఆటగాడయ్యాడని వాళ్ళ చర్చిలో ప్రార్థన పెడితే మేమూ వెళ్ళాం.

మూడో ఏడాది ఆటలు లేని నెలల్లో డానియేలు ఇంటికి వచ్చాడు. అతని లీగ్ మా ఆఫీసుకు ఆదేశం పంపింది. ముందు చెప్పకుండా ఇంటికి వెళ్ళి శాంపిల్ తీసుకోవాలి. డా తిన్ కవరు విప్పి పేరు చూపిస్తే కాగితం చేతిలోకి తీసుకుని మళ్ళీ చదివాను.

"నీకు బంధువా?"

"కాదు."

"ఆ ఇంట్లో భోంచేశావా?"

"చేశాను. పెళ్ళికి, పండక్కి."

ఆమె డ్యూటీల పట్టిక తిరగేసింది. మగ అధికారి మరొకడు ఉన్నాడు గాని, అతను మాండలేలో ఉన్నాడు. చివరికి, "ఆ సంగతి కాగితం మీద రాయి. నర్సును వెంట తీసుకెళ్ళు. ముందుగది ఆమె చూసుకుంటుంది. వెళ్ళగలవా?" అంది. వెళ్తానన్నాను. ఇవాళ అడిగితే వెళ్ళననే చెబుతాను. నా బదులు వెళ్ళేవాడు దొరికేదాకా ఆగమనేవాణ్ణి. మీకు అలాంటి పరిస్థితి వస్తే మీరూ అదే అడగండి.

పజుండౌంగ్‌లో ఆ ఉదయం

ఆరింటికి తలుపు తట్టాం. రూతమ్మ తీసింది.

"ఏటన్నా, ఇంత పొద్దుగాల? ఒదినకి బాగానే ఉందా?"

"బాగానే ఉందమ్మా. డానియేలుతో పనుండి వొచ్చినాను. ఆఫీసు పని."

"ఆఫీసు పనేటి? కూకో ముందు. మొహింగా తెప్పిస్తాను, తినీసి ఎల్దురు."

డానియేలు లోపలి నుంచి వచ్చాడు. నన్ను, నా చేతిలోని పెట్టెలను చూసి, పలకరించబోయి ఆగిపోయాడు. మనిషి బాగా లావయ్యాడు. మెడ భుజాల్లో కలిసిపోయింది. కాగితం చదివి వినిపిస్తే సంతకం చేశాడు. తర్వాత మూత్రం రావడం లేదని కూర్చున్నాడు.

రెండు గంటలు కూర్చున్నాం. కరెంటు లేదు, ఫ్యాను తిరగడం లేదు, కిటికీలు సగం మూసి ఉన్నాయి. డానియేలు ఊరికే ముంజేతులు గోక్కుంటూ ఉన్నాడు. "ఏడి సేసినట్టుంది, నాలుగు రోజులుగా ఇలాగే గోక్కుంటన్నాడు" అని తల్లి కొబ్బరినీళ్ళు తెచ్చింది. మూత విప్పని సీసాలోవే తాగాలని చెప్పాను.

"నా ఇంట్లో, నా సేత్తో ఇచ్చినవి నా కొడుకు తాగకూడదేటి?"

"నియమం తల్లీ."

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి కొడుకు పక్కనే కూర్చుంది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఇది దొంగల్ని పట్టే పరీచ్చ కాదు కదన్నా?"

"కాదమ్మా. ఆటగాళ్ళందరికీ సేస్తారు."

"మరి నా మొకం సూసి సెప్పవేటి?"

డానియేలు లేచి, బర్మీయంలో "పదండి" అన్నాడు.

పెరటివైపు ఇరుకు గది. తలుపు వేసి, చొక్కా పైకి మడవమన్నాను. అతను మడవలేదు. నీళ్ళతొట్టిని పట్టుకుని నిలబడి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నన్ను తెలుగులో పిలిచాడు.

"మావయ్యా, ఒకపాలి అటు తిరుగు. ఒక్క నిమిషం సాలు."

"తిరగలేనురా."

"నీకేటి పోద్ది? ఇక్కడ మనిద్దరమే. నా బతుకు పోద్ది మావయ్యా. అమ్మకేటని సెప్పను?"

తిరిగితే ఎవరికీ తెలియదు. కాని బస్సు నడిపే ఆ రెండోస్థానం మనిషి నా కళ్ళలో మెదిలాడు.

"ఇవ్వనని సెప్పే హక్కు నీకుంది. సెప్తే అదీ రాసుకుంటాను. అదీ తప్పు కిందే లెక్క. ఇస్తే నాను సూసిందే తీసుకెల్తాను. తిరగమన్నావని కూడా రాస్తాను డానియేలూ. అంతకన్నా నా సేతిలో ఏటీ లేదు."

అతను నుదురు గోడకు ఆనించాడు. తర్వాత చొక్కా మడిచాడు. ఎప్పుడైనా పరీక్షకు వస్తారేమోనని తొట్టి పక్కనున్న షాంపూ సీసాలో స్నేహితుడి మూత్రం దాచి ఉంచానని తర్వాత ఎప్పుడో అతనే చెప్పాడు. ఆ గదిని ముందే సరిగా వెతకాల్సింది. అది నా రెండో తప్పు. మీరు సబ్బు డబ్బాతో సహా వెతకండి.

అతను ఇచ్చిన మూత్రం చిక్కటి టీ డికాక్షన్ రంగులో ఉంది.

ముందుగదికి వచ్చి సీసాలు నింపి మూతలు బిగించాడు. ఈమధ్య వాడిన మందులు రాసే గడి దగ్గర కలం ఆపాడు.

"రాస్తే సిచ్చ తగ్గుద్దా?"

"తెలీదు. తెలిసినా నాను సెప్పకూడదు. నిజమైతే రాయి."

రెండు పేర్లు రాశాడు. ఒకటి మాత్రలు, ఒకటి ఇంజెక్షను. అడక్కుండానే చెప్పుకుపోయాడు. మొదటి ఏడాది చివర భుజం నొప్పి పట్టుకుంది. విటమిన్లని ఒకడు ఇచ్చాడు. అవి ఏమిటో నెలలోపే తెలిసింది. కాని నొప్పి తగ్గింది, బంతి వేగం పెరిగింది. గ్యాలరీలో జనం లేచి నిలబడటం మొదలుపెట్టారు. జట్టులో ఎవరూ ఏమీ అడగలేదు. "అడిగుంటే మానేసీవాణ్ణి" అన్నాడు. మానేసేవాడో లేదో నాకు తెలియదు. ఎవరూ అడగలేదన్నది మాత్రం నమ్మాను.

రూతమ్మ తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నది. నర్సు కిటికీ రెక్కలు పూర్తిగా తెరిచింది. ఆ వెలుతురులో డానియేలు కళ్ళు చూశాను. తెల్లగుడ్లు పసుపు తిరిగి ఉన్నాయి. దురద, మూత్రం రంగు, కళ్ళు. ల్యాబులో పదకొండేళ్ళు చేసినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. పెట్టె తాళం వేసి లేచాను.

"రూతమ్మా, ఇప్పుడు నాను ఆఫీసు మనిషిని కాదు. ఈడి కళ్ళు సూడు. లివరు సెడింది. ఇయ్యాలే ఆసుపత్రికి తీసుకెల్లు. ఆ మందులు కూడా పట్టుకెల్లి డాక్టరుకి సూపించు."

ఆమె వెళ్ళింది కొడుకు దగ్గరికి కాదు. నా దగ్గరికి వచ్చింది.

"రెండు గంటలు ఎదురుగా కూకున్నావు. ఈడు గోక్కోడం సూసినావు. ముందే సెప్తే నీ సీసా నిండదనేటన్నా?"

కాదని చెప్పాను. దారి పొడుగునా పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆలోచిస్తే, పూర్తిగా కాదని అనిపించలేదు. ఆ రెండు గంటలూ నేను అతని చేతులు చూశాను, కాని అవి ఏం దాస్తాయోనని చూశాను. ఎందుకు గోక్కుంటున్నాడని చూడలేదు.

తర్వాత

ఆఫీసుకు వెళ్ళి డా తిన్‌కు అంతా చెప్పాను. తిరగమన్నాడని, ఆసుపత్రికి వెళ్ళమన్నానని, ఆ తల్లి అన్న మాటతో సహా. శాంపిల్ తీసేవాడు వైద్యం చెప్పకూడదని మా పుస్తకంలో ఉంది. ఉద్యోగం పోయినా సరే అనుకునే చెప్పాను.

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మొదట చెప్పింది రిపోర్టులో రాయి. రెండోదీ రాయి. సీసాకు మూత పడేదాకా నువ్వు ఆఫీసు కళ్ళు. పడ్డాక కూడా నోరు మూసుకుని కూర్చోమని ఏ పుస్తకం చెబుతుంది? ఎవరన్నా అడిగితే నేను చెప్పమన్నానని చెబుతా" అంది. ఆమెకు అది ఉద్యోగంలో చివరి ఏడాది. ఎవరూ అడగలేదు. అడిగినా ఆమె మాట తప్పేది కాదు. ఇప్పటికీ ఆమె ఇంటి ముందు నుంచి వెళితే ఆగి నమస్కారం పెట్టి వెళతాను.

డానియేలును రూతమ్మ ఆ మధ్యాహ్నమే ఆసుపత్రిలో చేర్చింది. మందులు ఆపితే లివరు కోలుకుంటుందని, ఇంకొన్నాళ్ళు వాడి ఉంటే చెప్పలేమని డాక్టరన్నాడు. కొన్ని నెలలకు కళ్ళు తెల్లబడ్డాయి. శాంపిల్ ఫలితం అందరూ అనుకున్నట్టే వచ్చింది. జట్టు ఒప్పందం రద్దు చేసింది. తప్పు ఒప్పుకున్నందుకు నిషేధం కొంత తగ్గించారు. అయినా ఏళ్ళే.

మా మనుషులు నాతో మాట్లాడటం తగ్గించారు. ఒక పెళ్ళిలో నా వెనక కూర్చున్నాయన, నాకు వినపడేలాగే, "మనోడి నోటికాడి కూడు మనోడే తన్నీసినాడు" అన్నాడు. మా ఆవిడ లేచి వెళ్ళిపోదామంది. భోజనం చేసే వెళ్ళాం.

రూతమ్మ ఏడాదిపాటు మా గుమ్మం తొక్కలేదు. ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నీ మీద కోపం పోనేదన్నా. పోద్దని కూడా సెప్పను. గాని నా గుంటడు బతికున్నాడు. ఆ మాట సెప్పకపోతే నాకు ప్రార్దన సాగట్లేదు."

అంతే చెప్పి వెళ్ళిపోయింది. అంత నిజాయితీగా నాకు ఎవరూ కృతజ్ఞత చెప్పలేదు.

మిన్ తు అడిగిన ప్రశ్న

నిషేధం ముగిసిన వారంలో డానియేలు వచ్చి, "మావయ్యా, నాతో ఓ సోటికి వొస్తావా?" అన్నాడు. ఆ ఉదయం తర్వాత అతను నన్ను మళ్ళీ ఊలే అనలేదు.

బోటాటౌంగ్‌లో రేవు పక్కన ఒక బియ్యం గోదాముకు తీసుకెళ్ళాడు. అక్కడ మూటలు ఎక్కించే ముఠాకు మేస్త్రీ మిన్ తు. ఆట వదిలేసి చాలాకాలమైంది. డానియేలును చూసి పని ఆపలేదు. మేం లారీ పక్కన నిలబడ్డాం. లారీ నిండి వెళ్ళాక వచ్చి, చేతులు దులుపుకున్నాడు. వాళ్ళు మాట్లాడుకున్నది బర్మీయంలో. గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

డానియేలు ఇంట్లో ఏం అనుకుని వచ్చాడో గాని, మొదలుపెట్టకముందే మిన్ తు చెయ్యెత్తి ఆపాడు.

"క్షమాపణ చెప్పకు. ఒక్కటి చెప్పు. మనిద్దరం విసిరిన ఆ రోజు, అప్పటికే వాడుతున్నావా?"

"లేదు. అక్కడికెళ్ళి ఏడాది గడిచాకే."

మిన్ తు నావైపు తిరిగాడు. "ఊ సిన్, ఆ రోజు మీరు పరీక్ష చేశారా?"

"లేదు బాబూ. ఆ రోజు ఎవరికీ చెయ్యలేదు."

"అంటే రుజువు లేదు."

"లేదు" అన్నాడు డానియేలు. "నా మాటే."

నది మీద ఒక పడవ కూత పెట్టింది. అది ఆగాక మిన్ తు అన్నాడు. "పేపర్లో నీ సంగతి చదివినప్పటి నుంచి నేను సూదికి ఓడిపోయాననుకుంటున్నాను. మా ఆవిడతో అదే చెప్పాను, నా కూతురికీ అదే చెప్పాను. కొన్నాళ్ళు అది సుఖంగానే ఉంది. తర్వాత కుదురు లేకుండా పోయింది. నీ చేతికి ఓడిపోయి ఉంటే ఒప్పుకోగలను. ఆ రోజు నువ్వు నిజంగా బాగా విసిరావు."

డానియేలు ఏడుస్తున్నాడు. తుడుచుకోలేదు.

"నమ్ముతున్నాను" అన్నాడు మిన్ తు. "ఇంటికెళ్ళి మా అమ్మాయికి కథ మార్చి చెప్పాలి."

తర్వాత ఎదురుగా ఉన్న టీ దుకాణానికి కేకేసి మూడు టీలు చెప్పి, బియ్యం మూట ఒకటి దించి మాకు కూర్చోవడానికి వేశాడు.

ఇప్పుడు డానియేలు ఆదివారాలు మింగళాడోన్ వైపు ఒక మైదానంలో పిల్లలకు బంతి విసరడం నేర్పుతున్నాడు. మిన్ తు కూతురు వాళ్ళలో ఒకతె. ఎడమచేత్తో విసురుతుంది. పోయిన నెల వెళ్ళి చూశాను. తండ్రి గీత వెనక గొంతుక్కూర్చుని ఆ బంతులు పట్టుకుంటుంటే, డానియేలు పక్కన నిలబడి మోచెయ్యి ఎక్కడ ఉండాలో ఆ పిల్లకు చూపిస్తున్నాడు. ఎండ తగ్గేదాకా అక్కడే ఉండిపోయాను.